పైమట్టి కుప్ప

మా తోడల్లుడు నాకంటే రెండేళ్ళు చిన్న. కానీ వాళ్ళావిడ అక్క, మా ఆవిడ చెల్లెలు. కాబట్టి వరసకి ఆయన నాకు అన్నయ్య. నేను వినయంగా "అన్నయ్యా" అనాలి, ఆయన తీరిగ్గా "తమ్ముడూ" అంటాడు. పెళ్ళి పందిట్లో మొదలైన ఈ కడుపుమంట ఇరవై ఏళ్ళయినా చల్లారలేదు. పైగా ఇద్దరికీ ఒకే గనిలో, ఒకే అకౌంట్స్ గదిలో ఉద్యోగం. ఇంట్లోనూ ఆయన గొప్పే, ఆఫీసులోనూ ఆయన గొప్పే. నేనెక్కడికి పోవాలి?

బక్కపలచని మనిషి. చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్నులు, చేతిలో యాభై మీటర్ల టేపు. లెక్కలవాడికి టేపెందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అందరూ 'టేపు మాస్టారు' అంటారు. నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఒక్కరూ ఒక్క ముద్దుపేరు పెట్టిన పాపాన పోలేదు.

అసలు ఆ టేపు ఆయన చేతికొచ్చింది నా పని లాక్కున్నాకే. మా గనికి ఇంకో పన్నెండేళ్ళ ఆయుష్షుంది. ఆ తర్వాత గొయ్యి పూడ్చాలి, గట్లని వాలుగా దిద్దాలి, పైన మొక్క బతికే మట్టి పరచాలి, చెట్లు నాటి అయిదేళ్ళు సాకాలి. ఎప్పుడో రాబోయే ఖర్చు కదా అని ఊరుకుంటే కుదరదు. ఎంతవుతుందో ప్రతి ఏడూ అంచనా కట్టి, దాన్ని ఇవాళ్టి విలువకి కుదించి, కంపెనీ నెత్తిన బాకీగా పుస్తకాల్లో చూపించాలి. తొమ్మిదేళ్ళు ఆ లెక్క నేనే కట్టాను. నా పద్ధతి సులువు. పోయినేటి అంకె మీద ధరల పెరుగుదల కింద ఆరు శాతం వెయ్యడం, సంతకం పెట్టడం, టీకి లేవడం. ఒక్క ఆడిటరూ కిక్కురుమనలేదు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఆ ఫైలు తీసి ఆయనకిచ్చింది. "మీరూ చూసి నేర్చుకోండి" అని నాతో అనలేదు గానీ, అన్నట్టే చూసింది.

అంతే, టేపు మాస్టారు గోతిలోకి దిగాడు. ప్రతి గట్టూ కొలిచాడు. డోజరు డ్రైవరు పక్కన కూర్చుని గంటకి ఎంత మట్టి నెడుతుందో రాసుకున్నాడు. నాటిన మొక్కల్లో ఎన్ని చస్తాయో తోటపనివాళ్ళని అడిగాడు. సాయంత్రం మోకాళ్ళదాకా బురదతో గదిలోకి వస్తుంటే అందరూ కుర్చీలు జరిపి దారిచ్చేవారు. నేను కావాలనే జరిపేవాణ్ణి కాదు.

ఇంటికొస్తే మా ఆవిడ చెవిలో పోరు.

"బావగార్ని చూడండి, ఈ వయసులో గోతుల్లో ఎలా తిరుగుతున్నారో! మీరేమో కుర్చీకి అతుక్కుపోయారు."

"గోతిలోకి దిగడం కూడా ఒక విద్యేనా? కాలు జారితే ఎవరైనా దిగుతారు."

"ఉడుక్కోకండి. పెద్ద పోస్టు ఆయనకే ఇస్తారట, అక్క చెప్పింది."

పెద్ద పోస్టంటే చీఫ్ అకౌంటెంటు. రెండు నెలల్లో ఖాళీ అవుతుంది. ఆడిటర్ల ముందు ఈ గని మూసివేత లెక్క నిలబడితే అది ఆయనకి, కూలితే సీనియారిటీ ప్రకారం నాకు. ఏళ్ళ తరబడి నేను కన్నేసి ఉంచిన కుర్చీ అది. ఆయన అందులో కూర్చుంటే ఇక ఆఫీసులో కూడా నేను తమ్ముణ్ణే.

ఆడిటర్లతో సమావేశానికి ముందురోజు ఆయన లెక్క నకళ్ళు అందరి బల్లల మీదికీ వచ్చాయి. దాచడమెందుకు, తప్పు కోసమే చదివాను. మూడో పేజీలో దొరికింది. 'పైమట్టి: గని పక్కనున్న కుప్ప నుంచి తోలాలి.' ఎగిరి గంతేసినంత పనిచేశాను. గని తవ్వేటప్పుడు ముందుగా తీసిన మంచి మట్టిని చివర్లో మళ్ళీ పరచడానికి విడిగా కుప్ప పోసి ఉంచుతారు. ఆ కుప్పలో సగం ఎనిమిదేళ్ళ కిందటే క్వార్టర్ల ఆటస్థలానికి తోలేశారు. ఆ లారీల వోచరు మీద సంతకం నాదే. లేని మట్టిని మహానుభావుడు ఎలా పరుస్తాడో చూద్దామనుకున్నాను. తప్పు దొరికింది కదా, ఇక చదవడం ఆపేశాను.

వరసకి అన్నయ్య, చెవిన ఒక్క మాట వెయ్యొచ్చు. వెయ్యలేదు. ఆ సాయంత్రం ఆయనే నన్ను స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాడు. దారి పొడుగునా నేను పెదవి విప్పలేదు.

మర్నాడు సమావేశంలో ఆయన చెప్పడం అవగానే లేచాను.

"అంతా బాగుందండీ. కానీ ఆ కుప్పలో సగం మట్టి లేదే! ఎక్కణ్ణించి తెచ్చి పరుస్తారో కాస్త చెప్తే వింటాం."

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. నా జన్మలో అంత హాయి ఎరగను. అదీ ఆయన పేజీ తిప్పేదాకే.

"నాలుగో పేజీలో ఉందండీ. సగమే ఉంది కాబట్టి మిగతాది కొనాలి. మట్టి ధర, లారీ కిరాయి రెండూ వేశాను."

ఆడిటరు కళ్ళజోడు సవరించుకుని పాత ఫైలు తెరిచాడు. "మరి ఇన్నేళ్ళూ కుప్ప నిండుగా ఉందని లెక్క కట్టిందెవరు?"

నా లెక్కల్లోనూ అదే కుప్ప ఉందన్న సంగతి నాకు అంతవరకు తట్టనే లేదు. నాకు తెలియదని బుకాయించడానికీ లేదు, మట్టి లేదని ఇప్పుడే అందరి ముందూ లేచి చెప్పాను.

టేపు మాస్టారు ఫైల్లోంచి పాత వోచరొకటి బయటికి తీశాడు.

"ఇది నాకు తెలిసిందే మా తమ్ముడి వల్లండీ. చూడండి, అప్పుడే రాసిపెట్టాడు."

వోచరు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. అడుగున నా సంతకం. దాని పైన, నేను పూర్తిగా మర్చిపోయిన నా రాత. 'కుప్ప స్వయంగా కొలిచాను. సగం పోయింది. ఇంత మట్టి కొనే ఖర్చు మూసివేత అంచనాలో చేర్చాలి.' పక్కనే కుప్ప బొమ్మ, పొడుగు, వెడల్పు, ఎత్తు. మూలన బురద వేలిముద్ర ఒకటి. ఆ ఏడాది చివర అంచనా కట్టేటప్పుడు ఈ కాగితం తియ్యాల్సింది. పాత అంకె మీద ఆరు శాతం వేసి టీకి లేచిపోయాను.

"ఇంత బాగా కొలిచిన మనిషి ఏమైపోయారండీ?" అంది మేనేజరమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

కుర్చీ ఆయనకే వచ్చింది. నేనిప్పటికీ ఆయన్ని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను, అందులో మార్పేమీ లేదు. కాకపోతే ఆ వోచరు నకలొకటి నా సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి ఆ వేలిముద్ర మీద నా వేలు పెట్టి చూసుకుంటాను. ఆ రోజు కుప్ప ఎక్కి కొలిచినవాడు గుర్తొస్తే, అన్నయ్య మీద కంటే ఎక్కువ కడుపుమండుతుంది.