గడువు లేని కొలువు

సారు పోయారు. చిక్కడపల్లిలో నేను పనిచేసే ప్రెస్సుకు మొన్న సోమవారం పొద్దున ఆయన పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్పారు.

అశోక్‌నగర్‌లో ఆయన ఇంటి మేడమీది గదిలో 2009 నుంచి నాలుగేళ్లు కిరాయికి ఉన్నాను. అప్పటికే బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఆదివారాలు నారాయణగూడ చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేవారు. మిగిలిన రోజులు ఇంటి పని. అమ్మకు, అంటే ఆయన భార్యకు, చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. నేను వెళ్లేసరికి నీడలు మాత్రమే తెలిసేవి. బియ్యం ఏరడం, కూరలు తరగడం, ఆమెకు జడ వేయడం అన్నీ సారే. జడ ఎప్పుడూ ఎడమకు పోయేది. రోజుకు మూడుసార్లు ఆమె కళ్లలో మందు చుక్కలు వేసేవారు. సుల్తాన్ బజార్‌కు పోయినా నాలుగు గంటల చుక్కలకు ఇల్లు చేరేవారు. "మందుకు తెలివుండదు తమ్మీ, మనకే ఉండాలె" అనేవారు. నాకు జ్వరమొస్తే గంజి గిన్నె మెట్ల మీద పెట్టి, తలుపు తట్టి, మాట్లాడకుండా దిగిపోయేవారు.

మావాళ్లు గొర్రెలు కాస్తారని తెలిసి ఒక శనివారం సాయంత్రం నన్ను కిందికి పిలిచారు. మరునాటి పాఠం, ప్రేమించిన పిల్ల కోసం ఆమె తండ్రి దగ్గర ఏడేళ్లు గొర్రెలు కాసినవాని కథ. ఏడేళ్లూ కాశాక, పెద్దది ఉండగా చిన్నదాన్ని ఇవ్వడం మాలో లేదని ఆ తండ్రి ముసుగులో అక్కను అంటగట్టాడు. చిన్నదాని కోసం ఇంకో ఏడేళ్లు కాయాల్సి వచ్చింది. ఆ అక్కకు కళ్లు బలహీనం.

"ఏడేండ్లు నాలుగొద్దుల లెక్క గడిచినయంట. నువ్వు చెప్పు, గడుస్తయా?"

"మా నాయనకు ఒక్క వానకాలమే గడవకపోయేది సార్. గిట్టలు చెడుతయి. గొర్రెపిల్లల్ని సంకల పెట్టుకొని తిరగాలె. నాలుగొద్దులన్నోడు గొర్లు కాసి ఉండడు."

సారు నవ్వారు. వంటింటి గడప దగ్గర కూర్చున్న అమ్మ నవ్వలేదు.

"గొర్ల ముచ్చట మస్తుగ అడుగుతున్నవ్. ఆ అక్క ముచ్చట ఎన్నడన్న అడిగినవా?"

సారు లేచి పాలకు వెళ్లారు. అప్పుడు అమ్మ నాతో అంది.

"నన్ను చూసి రాలే బిడ్డా. మా చెల్లెను చూసి సరేనన్నడు. పెద్దది ఉండంగ ఎట్లిస్తమన్నరు మావోళ్లు. దానికీ సరేనన్నడు. నలభై ఏండ్లాయె. ఇష్టమై చేసుకున్నడో, ఇరుకున పడి చేసుకున్నడో, ఒక్క మాట అనలే."

"నువ్వు అడగకపోయినవా అమ్మా?"

"అడిగి చెప్పిచ్చుకుంటే అది నా మాటైతది. ఆయనదెట్లయితది?"

మరునాడు గొర్రెల సంగతి పిల్లలకు చెప్పమని సారు నన్ను వెంట తీసుకుపోయారు. నేను చెప్పాక ఆయన కథ ముగించారు. "అక్క కోసం ఎవ్వడూ కాయలే. అసొంటి మనిషికి చేసే కొలువు పెండ్లయినంక మొదలైతది. దానికి ఏడేండ్లని గడువుండదు. నాకు తెలిసిన ప్రేమ అదే."

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అన్నాను. "ఈ మాట అమ్మతోని చెప్పొచ్చు గద సార్."

"ఇప్పుడు చెప్తే కండ్లు పోయినయని జాలితోని అంటున్నడనుకుంటది. నువ్వూ చెప్పకు."

నేను చెప్పలేదు. తర్వాత ముషీరాబాద్‌కు మారిపోయాను.

సమాధుల తోట నుంచి వచ్చాక అమ్మ దగ్గర కూర్చుని ఆ ఆదివారం చర్చిలో సారు అన్నదంతా చెప్పాను.

"ఎవరికి చెప్పిండు?"

"పిల్లలకు."

"ఎన్నేండ్లాయె?"

"నాలుగు."

"నాలుగేండ్లు నోట్లెనే పెట్టుకున్నవా" అంది. "ఇద్దరూ ఇద్దరే."

గోడ గడియారం నాలుగు కొట్టింది. అమ్మ తల వెనక్కి వాల్చి, కళ్లు పెద్దవి చేసి పైకప్పు వైపు పెట్టింది. మందు సీసా కిటికీలోనే ఉంది. ఆమె అట్లాగే కూర్చుంది. ఆ రోజు ఎవరో వేసిన జడ వీపు మీద తిన్నగా ఉంది.