టింబర్లీ దొర రహస్యాలు

యేసురాజు సార్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే: టింబర్లీ. అతగాడు ఇంగ్లండులో ఏనాడో పోయిన నవలా రచయిత. బోయిగూడ బజారులో ఆగి మీరు టమాటాల ధర అడిగినా సరే, రిటైరైన ఈ ఇంగ్లీషు మాస్టారు ఆ మాటను తీసుకెళ్లి టింబర్లీ రహస్య జీవితంలో దింపేవారు.

"టమాటాలా? టింబర్లీ చాటుగా రెండో కాపురం పెట్టాడు కదా, ఆవిడ టమాటాలు తరుగుతుండగానే పోలీసులు తలుపు కొట్టారు!"

"పోలీసులెందుకు సార్?"

"ఆస్క్ ఇన్ ఇంగ్లిష్!"

అదీ చిక్కు. రహస్యం కావాలంటే ఇంగ్లీషులో అడగాలి. ఎన్ని తప్పులున్నా ఫర్వాలేదు, నోరు విప్పితే చాలు.

దర్జీ మౌలా అలీ కూతురు షాగుఫ్తాకి ఇది ప్రాణసంకటం. డిగ్రీలో ఫస్టుక్లాసు, కానీ ఇంగ్లీషులో మాట్లాడమంటే నోరు పెగలదు. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూ నుంచీ ఏడుస్తూ వచ్చింది. అలాంటి పిల్ల ఈ పోలీసుల సంగతి తేలక అన్నం సహించక, చివరికి "వై పోలీస్ కమ్?" అనేసింది. పగలు ప్రభువులతో విందులారగించే టింబర్లీ, చాటుగా మిల్లు కార్మికుల సమ్మెకు ఉపన్యాసాలు రాసిచ్చేవాడట! ఇక ఆగుతుందా? పట్టించిందెవరు, పెద్ద భార్య ఏమంది, అన్నీ ఇంగ్లీషులోనే అడిగింది. టింబర్లీ జైల్లో పడ్డ రోజు, విడుదల కావాలని అల్లాకి దువా కూడా చేసింది.

ఆమధ్య మల్కాజ్‌గిరిలో ఒక బడి వాళ్లు రిసెప్షన్ ఉద్యోగానికి పిలిచారు. ఇదీ పోతే అబ్బా దుకాణంలో గుండీలు కుట్టుకోవాల్సిందే. ఇంటర్వ్యూ గదిలోంచి బయటపడగానే ఆమె సార్‌కి ఫోన్ చేసింది.

"సార్! అంతా ఇంగ్లీషులనే చెప్పిన! ఇష్టమైన రైటర్ ఎవరన్నరు. టింబర్లీ అన్న! సమ్మె, జైలు, రెండో కాపురం సుత చెప్పేసిన!"

"అక్కడే ఉండమ్మాయ్, కదలకు" అని ఫోన్ పెట్టేశారు.

లుంగీ మీదే ఆటోలో వచ్చిపడ్డారు సార్. చొక్కా గుండీలకు ఒకదానికొకటి పొంతన లేదు. షాగుఫ్తా వెంటబడుతుండగా నేరుగా ప్రిన్సిపాల్ ప్రిసిల్లా గదిలోకి దూసుకెళ్లారు.

"మేడమ్, టింబర్లీ అనేవాడు పుట్టనే లేదు. నేనే పుట్టించాను. పిల్లల భయం పోగొట్టడానికి రహస్యాన్ని మించిన మందు దొరకలేదండీ. అబద్ధం నాది. దయచేసి ఈ పిల్లకి ఉద్యోగం లేదనకండి."

షాగుఫ్తా నిలువునా నీరైపోయింది. "లేడా సార్? నేను దువా చేసిన కదా!" అంది. కానీ చెమటలు కక్కుతున్న ఆ ముసలాయన్ని చూస్తే కోపం రాలేదు, గుండె నిండిపోయింది.

ప్రిసిల్లా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉద్యోగం ఖాయం చేసేశాం మాస్టారూ. ఎడాపెడా ప్రశ్నలేసినా తడుముకోలేదు. ఆయన నవలలన్నీ చదివామని తలలూపింది మేమే." ఆవిడ గొంతు తగ్గించారు. "అది సరే... జైలు నుంచి ఆయన్ని విడిపించిందెవరు?"

కథ అంతవరకు సార్ ఇంకా అల్లలేదు.

"హిజ్ ఓల్డ్ టీచర్, మేడమ్," అంది షాగుఫ్తా తడుముకోకుండా. "హి కేమ్ ఇన్ యాన్ ఆటో."

ఆ రోజుల్లో లండన్‌లో ఆటోలెక్కడివని యేసురాజు సార్ అడగలేదు.