వానకు ఆగని మా దేవసహాయం

నిన్న పొద్దున ఫోన్ మోగితే దేవసహాయమే అనుకున్నాను. కావలిలో వాన మొదలైతే కోవూరులో ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పడం వాడి అలవాటు.

ఎత్తితే వాళ్లమ్మాయి.

"పెదనాయనా, నాయన లేడు."

"ఈ వానలో ఎక్కడికి పొయినాడమ్మా?" అన్నాను.

ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. అప్పుడు అర్థమైంది నాకు. రాత్రి పడుకున్న మనిషి లేవలేదట.

ఈ వాట్సాప్ గ్రూప్‌లో చాలామందికి వాడు రిటైర్డ్ టీచర్. పరుగెత్తే దేవసహాయాన్ని చూసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలానేమో.

అరవైల మొదట్లో కావలి కాలేజీలో ఇద్దరం ఒకే క్లాసు. వాళ్ల వీధిలోనే నా గది. తెల్లవారుజామున సముద్రం వైపు పోయే దారిలో పరుగెత్తేవాళ్లం. కార్తీకంలో ముసురు పడితే ఊరంతా దుప్పటి కప్పుకుని పడుకునేది. వీడు మాత్రం నా తలుపు బాదేవాడు.

"లెయ్‌రా! తడిస్తే ఏం గాదు. తడిసినాక నిలబడితేనే జలుబు."

కేన్వాస్ బూట్లు గదిలోనే విప్పించేవాడు, నీళ్లు తాగితే ఇటుకల్లా బరువెక్కుతాయని. తొడలకు కొబ్బరినూనె పట్టించేవాడు. లేకపోతే తడి నిక్కరు ఒరుసుకుని తోలు లేచిపోయేది. తాటాకు ముక్క కోసి, చూరులాగా నుదుటికి కట్టుకునేవాడు, చినుకులు కళ్లలో పడకుండా. మొదటిరోజు చూసి పడీపడీ నవ్వాను. రెండోరోజు నాకూ ఒకటి కట్టమన్నాను.

బంకమట్టి వస్తే అడుగులు చిన్నవి చేయమనేవాడు. ఉరిమిందా, ఇక తాటిచెట్ల వైపు పోనిచ్చేవాడు కాదు, చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేవాడు. రాగానే పొడి బనియను చేతికిచ్చేవాడు. అది తడవకుండా మైనపుగుడ్డలో చుట్టి నా గది గూట్లో పెట్టేది కూడా వాడే.

నాకు వాన భయం పోలేదు. వాడితో ఉన్నంతసేపే ధైర్యం.

ఇక ఆ శనివారం.

నెల్లూరులో జిల్లా దూరపరుగు పోటీలకు మా కాలేజీ నుంచి ఒక్కణ్ణే పంపిస్తారు. ఆ ఒక్కడు దేవసహాయమేనని అందరికీ తెలుసు. కాలేజీ పేరున్న బనియను వేసుకుని ఒక్కసారి నెల్లూరులో పరుగెత్తాలని వాడికి ఎంత ఆశో నాకు తెలుసు.

సరిగ్గా సెలెక్షన్ వేళకు వాన దంచింది. డ్రిల్ మాస్టారు గొడుగు కింద నిలబడి అడిగారు.

"ఏమిరా, పరిగెత్తతారా, రేపటికి పెట్టమంటారా?"

అందరికంటే ముందు అరిచింది నేనే. "రేపు పెట్టండి సార్!"

మిగతావాళ్లూ అందుకున్నారు. కాళ్లకు నూనె రాసుకుని రెడీగా ఉన్న దేవసహాయం నుదుటి తాటాకు విప్పుకున్నాడు.

రేపు ఆదివారం. నాకది సెలవు రోజు, అంతే. వాళ్లింట్లో వేరు. వాళ్ల నాయన చర్చి సంఘ పెద్ద. ఆదివారం ఆ ఇంట్లో బండి కట్టరు, ఆటలాడరు, పొద్దున్నే అందరూ గుడికి పోవాల్సిందే. వాళ్లింట్లో అన్నం తిని పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన తట్టలేదు.

సాయంత్రం తట్టింది. పరుగెత్తుకెళ్లాను.

"నాయన్ని అడిగినావా?"

"అడిగేదేముందిరా, ఆదివారం గదా."

అప్పుడైనా మాస్టారి దగ్గరికి పోయి సోమవారం పెట్టమని అడగొచ్చు. పోలేదు. ఆయన వినరులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, వాడు లేకపోతే గెలిచేది నేనే.

మర్నాడు పొద్దున గుడికి పోతూ, తెల్లచొక్కాతో, చంకలో బైబిల్‌తో వాడు నా దగ్గరికి వచ్చాడు.

"వాన తగ్గింది గానీ, పరిగెత్తే దారి ఈ పక్క జారతాది. కాలవ కట్ట మీద ఇసక ఉంది, అట్టా పో."

నేను ఆ ఇసక మీదే పోయి గెలిచాను. దారిలో గుడి పక్కగా పరుగెత్తుతుంటే లోపల పాటలు వినిపించాయి. తల తిప్పి చూడలేకపోయాను.

నెల్లూరులో పోటీ రోజున కూడా వానే! చివరివాళ్లలో ఒకడిగా వచ్చాను.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఎగతాళి మాత్రం చేసేవాడు. వాన పడితే చాలు ఫోన్. "ఏంరా, రేపటికి పెట్టమంటావా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. తప్పయిపోయిందిరా అన్న మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా నోట రాలేదు. ఆ నవ్వు చాటున దాక్కోవడం నాకు సుఖంగా ఉండింది.

ఇవాళ వాళ్లింట్లోనే ఉన్నాను. ముసురు వదల్లేదు. ఇందాక వాళ్లబ్బాయి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పెదనాయనా, సమాధుల తోట దారంతా బురద. ఫ్రీజర్ బాక్స్ ఉంది గదా, రేపటికి పెట్టుకుందామా? మీరెట్ట చెప్తే అట్ట."

పాస్టర్ గారు కూడా నా వైపే చూశారు.

ఆ పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు నాయనా, ఈరోజే తీసకపోదాం. వాన మీ నాయనకి ఎప్పుడూ అడ్డం గాదు. అడ్డమైంది నేను."

ఇంకో గంటలో బయల్దేరుతున్నాం. రాగలిగినవాళ్లు రండి, గొడుగులు లేకపోయినా రండి.

పోయిరా దేవసహాయం. తప్పయిపోయిందిరా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర చల్లగా ఉండు.