దవడల డబ్బా

నా చిన్నప్పుడు పొందూరులో మా ఇంటి అరుగు మీద నాకొక ఉద్యోగం ఉండేది. పొద్దున్నే రాట్నాలు పట్టుకొచ్చే ఆడవాళ్ళకి తలా ఒక చేప దవడ అందించడం. సన్న నూలు వడకాలంటే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి. ఆ సన్నటి పళ్ళ వరస నలకల్ని లాగేసి పోగుల్ని తిన్నగా చేస్తుంది. ఆ దవడలు మా ఊళ్ళో దొరికేవి కావు. అందుకని మా మామ్మ వాటిని రేకు డబ్బాలో దాచి, పంచే పని నాకు అప్పగించింది. అరుగుకి పెద్ద మా మామ్మ, డబ్బాకి పెద్ద నేను. నన్నలా ఎవరూ అనలేదు కానీ నా నడక మాత్రం అలాగే ఉండేది.

కళింగపట్నం నుంచి బస్సులో చేపల గంపతో ఒకావిడ మా వీధికి వచ్చేది. ఆవిడ కూతురికి కాలు దెబ్బతింది, గంప ఎత్తుకుని వీధులు తిరగలేదు. కూర్చుని చేసే పని ఏదైనా నేర్పమని తల్లి మా మామ్మని బతిమాలుకుంది. మర్నాటి నుంచి ఆ అక్క తల్లితోపాటే బస్సు దిగి మా అరుగెక్కేది. మామ్మ ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అది నేను కూర్చునే చోటు. వేళ్ళు పట్టుకుని దారం తీయడం నేర్పుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా వేళ్ళు ఎప్పుడైనా అంతసేపు పట్టుకుందా అని ఒకటే కుళ్ళు.

నాకు తోడు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆడవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. చివరికి ఒకావిడ పైకే అనేసింది.

"నీసు వాసన నూలుకి అంటుకుంటాది పెద్దమ్మా. దాన్ని దూరంగా కూకోబెట్టు."

మామ్మ తన రాట్నం తిప్పుకుంటూనే ఉంది. నేను మాత్రం లోపల్లోపల పండగ చేసుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే గూట్లో డబ్బా లేదు. మామ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీసు పడదన్నారు గదా. ఈ దవడలేటి, మల్లెమొగ్గలా? ఇయి లేకుండానే కానీండి" అంది.

వాళ్ళు మొదట నవ్వారు. తర్వాత వేళ్ళతోనే దువ్వబోయారు. పత్తి ఉండలు కట్టింది. రాట్నం తిప్పితే దారం పురికొసలా వచ్చి పుటుక్కున తెగేది. అలాంటి నూలు ఖాదీ సంఘానికి తీసుకెళితే గుమ్మంలోనే వెనక్కి పంపేస్తారని అందరికీ తెలుసు. ఎండ అరుగెక్కేసరికి, ముందు నోరు చేసుకున్నావిడే మామ్మ దగ్గరికొచ్చి దవడ అడిగింది.

పంచే పని నాదే కదా అని లేచి చేతులు చాపాను. మామ్మ నన్ను దాటి చూసి, డబ్బా తీసి ఆ అక్క ఒళ్ళో పెట్టింది. ఇకమీదట అదే పంచుతుందని అందరితో చెప్పింది. ఒక్కొక్కరూ ఆ అక్క ముందు చెయ్యి చాపారు. ఆమె కుంటుకుంటూ తిరిగి అందరికీ ఇచ్చింది. నేను మూతి ముడుచుకుని పెరట్లోకి పోయాను. అన్నం కూడా ముట్టలేదు.

మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా డబ్బా దానికెందుకిచ్చావని ఏడ్చాను.

"డబ్బా ఉన్నా లేకపోయినా నువ్వు నా మనవరాలివే. డబ్బా లేకపోతే దాన్ని రేపు మళ్ళీ దూరంగా కూకోమంటారే" అంది.

మాట అర్థమైంది, మంట చల్లారలేదు. చాలాకాలం, నేనూ పత్తి దువ్వడానికి కూర్చున్నప్పుడల్లా, ఆ అక్క ఇచ్చే దవడని మొహం తిప్పుకునే తీసుకున్నాను. ఆమె మాత్రం నాకు పళ్ళు విరగని మంచి దవడే ఏరి ఇచ్చేది. దానికి ఇంకా ఒళ్ళు మండేది.

పెద్దయ్యాక నర్సునై, ఒక వార్డుకి పెద్దనయ్యాను. పొద్దున డాక్టరుగారి పక్కన నిలబడి రోగుల సంగతులు చెప్పడమంటే నాకు ప్రాణం. అప్పుడే సీతంపేట కొండల నుంచి ఒకమ్మాయి మా వార్డులో నర్సుగా కొత్తగా చేరింది. ఆమె మాట తీరుకి మిగతావాళ్ళు నవ్వుకునేవారు, టీకి కూడా పిలిచేవారు కాదు. వాళ్ళకి నీతులు చెబితే తలూపుతారు, మర్నాడు మళ్ళీ మామూలే. ఆమెకి ఏ పని ఇస్తే అందరూ ఆమె దగ్గరికి రాక తప్పదా అని ఒక్కొక్కటే తలుచుకుంటూ పోయాను. డాక్టరుగారి పక్కన నిలబడే పని దగ్గరకొచ్చేసరికి కడుపులో ఆ పాత మంట భగ్గుమంది. అదే ఇచ్చాను. ఇక రోగుల సంగతి ఏదైనా ముందు ఆమెకే చెప్పాల్సి వచ్చింది, ఆ చెప్పుకోవడాల్లోనే టీలూ కలిశాయి.

రిటైరయ్యేదాకా అదే నా పద్ధతి. పక్కకి నెట్టేస్తున్న మనిషి కనిపిస్తే, ఏ పని వదులుకోవడానికి నా మనసు ఒప్పుకోదో అదే వాళ్ళ చేతిలో పెట్టేదాన్ని. ఆ రేకు డబ్బా ఎప్పుడో తుప్పుపట్టిపోయింది. మంట మాత్రం ఈ వయసులోనూ ఉంది. ఏది ఇవ్వాలో నాకు చెప్పేది అదే గనక ఆర్పుకోలేదు.