ఎడమ అద్దం తిరిగొచ్చింది

ఆ కంటి ఆసుపత్రిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ ఆయన "ఒకటా-రెండా" గారు. ఇరవయ్యారేళ్ళుగా మూడో నంబరు గదిలో దీపం తగ్గించి, వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది తేటగా ఉందా, అదా? ఒకటా, రెండా?" అని అడుగుతూ ఉంటే ఇంకే పేరు వస్తుంది? ఇంటి దగ్గరా అదే వరస. కిటికీ తెరలకు గుడ్డ కొనడానికి వెళ్ళినప్పుడు "మళ్ళీ మొదటిది చూపించు బాబూ, ఇప్పుడు రెండోది, ఇంకొక్కసారి మొదటిది" అని కొట్టువాడి ప్రాణం తీస్తే, ఆయన భార్య సిగ్గుతో చచ్చిపోయి, చేతికందిన గుడ్డ తీసుకుని బయటపడింది.

చుట్టాలు ఆయన్ని "మా కళ్ళ డాక్టరు" అని చెప్పుకుంటారు. "డాక్టర్ని కాదండీ, చూపు పరీక్ష చేసేవాణ్ణి. ఆప్టోమెట్రిస్టుని" అని ఆయన దిద్దుతారు. అబద్ధం ఆడలేని మనిషి. కానీ దిద్దిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ మొహంలో వత్తి కాస్త తగ్గించినట్టవుతుంది. అది ఆయన చూస్తారు. చూసి, ఆ పూట అన్నం రెండు ముద్దలు తక్కువ తింటారు.

ఆయన ఎదుగుదల అంతా కుర్చీల్లో చెప్పొచ్చు. కుర్రతనంలో కళ్ళద్దాల కొట్లో ఫ్రేములు తుడిచినప్పుడు నిలబడే ఉద్యోగం. చదువు పూర్తిచేసి ఆసుపత్రిలో చేరితే గుండ్రటి ఎత్తు స్టూలు ఇచ్చారు. ఎనిమిదేళ్ళకు "సీనియర్" అన్నారు, కుర్చీకి వీపు వచ్చింది. "చీఫ్" అన్నారు, చేతులు వచ్చాయి. "కోఆర్డినేటర్" అన్నారు, చక్రాలు వచ్చాయి. కుర్చీ మెత్తబడేకొద్దీ కళ్ళు దూరమయ్యాయి. రోజుకు నలభైమందిని చూసిన మనిషి ఇప్పుడు పొద్దున పదిమందిని చూస్తే గొప్ప. మిగతా పొద్దంతా మీటింగులే.

"మీటింగులో ఏం చేస్తారండీ?" అని భార్య ఒకసారి అడిగింది.

"పోయిన మీటింగులో ఏం మాట్లాడుకున్నామో మాట్లాడుకుంటాం" అన్నారాయన. పాపం, ఎగతాళికి అనలేదు.

ఒకసారి మూడు రోజులు నాయకత్వ శిక్షణ అని పంపించారు. అక్కడ కోటు వేసుకున్న ఒకాయన అందరికీ రంగు కాగితాలు పంచి, "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగాడు. ఈయన లేచి, "మూడో గదిలోనండీ" అన్నారు. హాలంతా నవ్వింది. కోటాయన మాత్రం జాలిగా చూసి, "పైకి చూడండి సార్, పైకి" అన్నాడు. ఈయన నిజంగానే తలెత్తి పైకప్పు చూశారు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది.

అయినా ఆ శిక్షణ ఊరికే పోలేదు. తిరిగొచ్చిన వారంలోనే ఆయన తన మొదటి నాయకత్వ నిర్ణయం తీసుకున్నారు. మనిషికి ఎనిమిది నిమిషాలు, అంతే. చేతి స్కోపుతో కంట్లోకి వెలుగు వేసి, ఆ వెలుగు కదలికను బట్టి లెక్క తేల్చి, కాగితం మీద రాసి పంపేయాలి. ఆ తర్వాత అద్దాలు మారుస్తూ "ఒకటా, రెండా" అని అడగడం అనవసరపు జాప్యం. ఆ మాటతో పేరు తెచ్చుకున్న మనిషే ఆ మాటను ఎత్తేస్తూ సంతకం పెట్టారు. పైవాళ్ళు భుజం తట్టారు.

ఆర్నెల్లు తిరక్కుండా కొత్త సంగతి వచ్చింది. ఇన్నాళ్ళూ చూపు పరీక్షల విభాగానికి ఎవరో ఒక డాక్టరే అధిపతిగా ఉండేవాడు. ఈసారి ఆప్టోమెట్రిస్టునే అధిపతిని చేద్దామని యాజమాన్యం అనుకుంది. ఆయన తప్ప ఆ వరసలో ఎవరూ లేరు. సోమవారం ఇంటర్వ్యూ. అది పేరుకే. బావమరిది అప్పుడే పలకకు రంగు వేయించి, మీద "విభాగాధిపతి" అని రాయించి తీసుకొచ్చేశాడు.

"ఇంకా ఇవ్వలేదురా" అన్నారాయన.

"ఇస్తార్లే బావా! ఇన్నాళ్ళూ 'డాక్టరు కాదు, డాక్టరు కాదు' అని నువ్వే పరువు తీసుకున్నావు. ఇకనుంచి నోరు మూసుకుని ఈ పలక చూపించు, చాలు."

ఆయన ఆ పలకను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తుడిచారు. దాని మీద దుమ్మేమీ లేదు.

అధిపతి అయ్యాక ఆయన బల్ల మీదికి రావాల్సిన మొదటి ఫైలు కూడా సిద్ధమైంది. అది అద్దాలు కోసే మేస్త్రిది. కింద అంతస్తులో, సాన చప్పుడు మధ్య, పందొమ్మిదేళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి. కొన్ని నెలలుగా కళ్ళద్దాలు వెనక్కి వస్తున్నాయి. మసగ్గా ఉందని, తల తిరుగుతోందని, మెట్లు ఎగుడుదిగుడుగా కనిపిస్తున్నాయని. చిత్రమేమిటంటే వచ్చినవన్నీ ఎడమ అద్దాలే. ఈయన మేస్త్రికి మూడు ఘాటైన ఉత్తరాలు రాశారు. మూడోదాంట్లో "నిర్లక్ష్యం" అనే మాట రెండుసార్లు పడింది.

మేస్త్రి పైకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సార్, కాగితంలో ఉన్నదే కోశాను. కావాలంటే పవరు కొలిచే యంత్రం మీద పెట్టి చూసుకోండి. తేడా వస్తే నా చెయ్యి ఆ సానకే పెట్టండి."

"మరి ఎడమవే ఎందుకొస్తున్నాయయ్యా?"

"అది నన్నడుగుతారేంటి సార్? కుడి అద్దాలకు నామీద ప్రేమెక్కువేమో!"

ఆ వెటకారాన్ని కూడా ఫైలులో చేర్చారు. ఇంకొక్క సంతకం పడితే అతను ఇంటికి పోతాడు.

పదవి చేతికొచ్చే ముందు ఆరోగ్య పత్రం ఇవ్వాలి. అందులో చూపు పరీక్ష ఒకటి. కంటి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ కళ్ళ పరీక్ష రెండు నిమిషాల తంతు. గోడ మీద అదే అక్షరాల పటం ఏళ్ళ తరబడి వేలాడుతోంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దాన్నే ఇతరుల చేత చదివించేవాళ్ళకు అది పైనుంచి కిందికి, కిందినుంచి పైకి కంఠతా వచ్చు. ఆయన దగ్గర పని నేర్చుకున్న చిన్నమ్మాయి "చదవండి సార్" అంది. ఆయన కుడి కన్ను మూసుకుని, చివరి వరస ఆగకుండా చదివేశారు. నిజానికి ఆ అమ్మాయి వరస చూపించకముందే చదివేశారు. "రెండు కళ్ళూ నిక్షేపం" అని రాసి సంతకం పెట్టేసింది.

ఇంట్లో భార్యకు మాత్రం ఆ నిక్షేపం మీద అనుమానం పడింది. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మాట తక్కువ. ఆయన ఎడమ పక్కన గ్లాసు పెడితే నీళ్ళు బల్ల మీద పోస్తున్నారు. చొక్కా గుండీలు ఎడం వైపు తడుముకుంటున్నారు. అడిగితే "మొన్ననే చూపించుకున్నాను, చివరి వరస దాకా చదివాను" అంటారు.

"ఆ పటం మీరు నిద్రలో కూడా చదువుతారు" అంది ఆమె.

ఆదివారం పొద్దున ఆమె పాత క్యాలెండరు కాగితం తిప్పి, మసిబొగ్గుతో తనకొచ్చిన అక్షరాలు తనకు తోచిన వరసలో రాసి, వరండా చివర మేకుకు తగిలించింది. ఆయన్ని ఇవతలి చివర పీట మీద కూర్చోబెట్టి, కుడి కంటికి తన చేత్తో గిన్నె మూత అడ్డం పెట్టింది.

"ఇదేం పటమే! అక్షరాలన్నీ ఒక్క కొలతలో లేవు."

"మీరు చదవండి. దస్తూరికి మార్కులు తర్వాత వేద్దురు గానీ."

"వెలుతురు సరిపోదు."

"ఎండ మీ ఒళ్ళోకే వచ్చి కూర్చుంది."

ఆయన చూశారు. కాగితం అంచులు కనిపిస్తున్నాయి. మేకు కనిపిస్తోంది. మధ్యలో, అక్షరాలు ఉండాల్సిన చోట, ఎవరో తడి వేలితో రాసినట్టు బూడిదరంగు మరక. తల అటూ ఇటూ తిప్పారు. ఎటు చూస్తే మరక అటే వచ్చింది.

"మొదటి అక్షరం చెప్పండి చాలు. అన్నిటికన్నా పెద్దది" అంది ఆమె. గొంతు తగ్గిపోయింది.

"పదవి వచ్చాక చూపించుకుంటాను. ఆదివారం..." అన్నారు.

ఆ మాటకు ఆమె మూత దించింది. "అత్తయ్యకీ ఆదివారమే అన్నారు. గోడ గడియారం వంకరగా కనిపిస్తోందిరా అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పింది? ఎన్ని ఆదివారాలు వెళ్ళిపోయాయి? చివరికి నా మొహం తడిమి నేనెవరో పోల్చుకుంది ఆవిడ."

ఆయన తల్లి పోయి ఏడాది కాలేదు. ఆవిడ మంచం తీసేసిన చోట ఇంకా ఎవరూ ఏదీ పెట్టలేదు. ఇద్దరూ ఆ ఖాళీ వైపు చూడకుండా కూర్చున్నారు.

అప్పుడు ఆయనకు రెండో సంగతి తట్టింది. స్కోపుతో చూసేటప్పుడు ఎదుటివాళ్ళ కుడి కంటిని తన కుడి కంటితో చూడాలి, ఎడమ కంటిని ఎడమ కంటితో. ఆ పనికి పద్ధతే అది. ఇన్నాళ్ళూ ఆయన అందరి ఎడమ కళ్ళనూ ఈ బూడిద మరకలోంచి చూసి లెక్కలు రాశారు. ఇదివరకైతే "ఒకటా, రెండా" అని అడిగేవారు, తప్పుంటే అక్కడ దొరికిపోయేది. అడగడం ఎత్తేసింది ఎవరు? తానే. మేస్త్రి కాగితంలో ఉన్నదే కోశాడు. కాగితమే తప్పు.

"చెప్తే పదవి పోతుంది" అన్నారు.

"చెప్పకపోతే మేస్త్రి పోతాడు" అంది ఆమె, క్యాలెండరు చుట్ట చుట్టి ఆయన చేతిలో పెడుతూ.

సోమవారం ఇంటర్వ్యూ గదిలో పెద్ద డాక్టరమ్మ, పాలనాధికారి, ఆ కోటాయన కూర్చున్నారు. ఈయన కూర్చోకుండానే అంతా చెప్పేశారు. కన్ను సంగతి, స్కోపు సంగతి, ఎడమ అద్దాల సంగతి. చెప్పి, క్యాలెండరు విప్పి గోడకు పట్టుకున్నారు.

కోటాయన మొహం వెలిగిపోయింది. "అద్భుతం! తన లోపాన్ని తానే ఒప్పుకోవడం! నాయకుడంటే ఇలా ఉండాలి."

పాలనాధికారి కూడా తలూపాడు. "మీరు కంగారు పడకండి. అధిపతి రోగుల్ని చూడక్కర్లేదు కదా? పాత డాక్టరుగారు ఆరేళ్ళున్నారు, ఒక్కరినైనా చూశారా? ఈ పదవికి చూపు అవసరమే లేదు."

ఆయనకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. పలక కళ్ళ ముందు మెరిసింది. "మరి మేస్త్రి?" అని అడిగారు.

"ఆ ఫైలు అలా నడవనివ్వండి. అద్దాలు తప్పు కోశాడంటే ఒక పనివాడి తప్పు. కాగితాలే తప్పు రాశామంటే ఆసుపత్రి తప్పు. తేడా తెలుస్తోందిగా?"

"తెలుస్తోందండీ" అన్నారాయన. రెండింటినీ ఆయన ఒకసారి చూసుకున్నారు. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. తర్వాత జేబులోంచి కాగితం తీశారు. మేస్త్రి మీద రాసిన మూడు ఉత్తరాలూ వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు తనదేనని అందులో రాసుంది. "దీన్ని ఫైలులో పెట్టండి. మిగతాది మీ ఇష్టం."

"ఇలాగైతే మీరు అధిపతి కాలేరు" అన్నాడు పాలనాధికారి.

పెద్ద డాక్టరమ్మ ఇదంతా వింటూ క్యాలెండరు వైపే కళ్ళు చికిలించి చూస్తోంది. "ఆ రెండో వరసలో మొదటిది ఏంటండీ?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. "ఈ గదిలో వెలుతురు బాగాలేదు" అని ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత ఆ కాగితం తనే అందుకుని ఫైలులో పెట్టింది.

ఆ వారంలోనే చూపు పరీక్షల విభాగంలో ఉద్యోగులందరికీ క్యాలెండరు పరీక్ష జరిగింది. పదకొండుమందిలో నలుగురికి అద్దాలు మార్చాల్సి వచ్చింది. ఆ నలుగురూ వెలుతురునే తిట్టారు. అధిపతి పదవి "తాత్కాలికంగా" మళ్ళీ ఒక డాక్టరుకు వెళ్ళింది. ఎనిమిది నిమిషాల నియమం మాత్రం పోయింది. ఆయన కన్ను చూసిన డాక్టరు, "ఉన్నదాన్ని నిలబెడతాం, పోయింది తేలేం" అన్నాడు. పలకను బావమరిది పట్టుకుపోయాడు, దాని వెనక వైపు ఇంకా ఖాళీగా ఉందని.

ఆయన మేస్త్రి దగ్గరికి కిందికి వెళ్ళారు. మేస్త్రి సాన ఆపలేదు. చాలాసేపు నిలబెట్టి, చివరికి, "నిర్లక్ష్యం అని రెండుసార్లు రాశారు సార్. ఒకసారి రాస్తే సరిపోయేది" అన్నాడు. తర్వాత సొరుగు లాగి, దాచిపెట్టిన కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. తిరిగొచ్చిన ఎడమ అద్దాలవన్నీ. నూట పన్నెండుమంది.

ఆయన ఆ నూట పన్నెండుమందికీ ఫోను చేయడం మొదలుపెట్టారు. స్కోపు ఇప్పుడు చిన్నమ్మాయి పడుతుంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని అద్దాలు మారుస్తూ అడుగుతారు.

అందరికన్నా ముందు వచ్చింది బట్టలు కుట్టే ఒక పెద్దావిడ. చీకటి గదిలో ఇనప ఫ్రేము పెట్టుకుని "రెండు... రెండే బావుంది" అంది. తర్వాత ఉన్నట్టుండి రెండు చేతులూ ఫ్రేము మీద పెట్టుకుని, "అయ్యో, ఇంత స్పష్టంగానా?" అంది. "నాలుగు నెలల్నుంచి కుట్టు వంకర పోతోంది నాయనా. వయసు మీద పడింది, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. మిషను కూడా ఎవరికో ఇచ్చేశాను. నా కన్నే తప్పనుకున్నా."

చిన్నమ్మాయి ఆయన వైపు చూసింది.

"కాదమ్మా" అన్నారాయన. "తప్పు నాది. మిషను ఎవరికిచ్చారో చెప్పండి, నేను వెళ్ళి అడుగుతాను."