పండుగకు ముందే ఉడికిన మామిడికాయ

ఈ బరువు ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. సాకులు వెతకను, నసగను. అది నా స్వభావం కాదు.

మాది పెనుబల్లి దగ్గర. మామిడి తోటలున్న ఇల్లు. డిగ్రీ అయిన వేసవిలో చర్ల అవతల ఒక కోయ గూడెంలో పిల్లలకు శిబిరం పెడితే వాలంటీరుగా వెళ్ళాను. అక్కడ పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఎవరూ కొత్త మామిడికాయ నోట పెట్టరు. నాకు నవ్వొచ్చింది. తింటే ఏమవుతుంది? వంట చేసే జోగమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న మా తోట కాయలు చెక్కు తీసి, పప్పులో ఉడికించి, కనపడకుండా ఎనిపేశాను. అందరూ తిన్నాక చెప్పి, చూశారా ఏమీ కాలేదు అందామని నా తెలివి.

వడ్డించే ముందు జోగమ్మ కొంచెం అరచేతిలో వేసుకుని రుచి చూసింది.

“ఏంది సారూ, గింత పుల్లగున్నది? మామిడికాయ గిట్ల ఏసినవా?”

“లేదు. చింతపండే.”

నమ్మింది. పిల్లలకూ పెద్దలకూ తన చేత్తోనే వడ్డించింది.

మర్నాడు వంటపాక వెనక తొక్కలు బయటపడ్డాయి. పెద్దలు జోగమ్మను నిలదీశారు. సారునే అడగండి అంది. అడిగారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? కొడతారన్న భయమా? కాదు. చదువు చెప్పడానికి వచ్చిన నేను, చదువు లేదని లోలోపల చిన్నచూపు చూసిన ఆ మనుషుల ముందు నిలబడి తప్పు నాదే అనడం నామోషీ అనిపించింది. చింతపండే వేశానని మళ్ళీ అన్నాను. దాంతో తప్పు జోగమ్మదైపోయింది. ఆ ఏడు ఆమెను పండుగకు రానివ్వలేదు. నేను బ్యాగు సర్దుకుని వచ్చేశాను.

కొన్నేళ్ళకు ఉద్యోగానికి సెలవు పెట్టి టాంజానియా వెళ్ళాను. ఒక పల్లెలో బడి కట్టే పనికి, వాలంటీరుగానే. నాకు అన్నం పెట్టే ఇంటావిడ గొడ్డుమాంసం వండేది. నేను తిననని ఒక్కసారే చెప్పాను. ఎందుకని అడగలేదు. నాకు వేరే గిన్నె, వేరే గరిటె పెట్టింది. ఒకరోజు నా గరిటె పొరపాటున ఆ కూరలో మునిగిందట. నేను చూడలేదు. ఆమె చెప్పకపోతే తెలిసేదే కాదు. ఆమె వచ్చి చెప్పింది, నా వంట పక్కన పెట్టి మళ్ళీ పొయ్యి వెలిగించింది. జోగమ్మే గుర్తొచ్చింది.

దేశాలు తిరిగితే పరాయివాళ్ళ పద్ధతులు అర్థమవుతాయంటారు. నాకు మాత్రం, మా ఊరి నుంచి ఒక్క పూట ప్రయాణంలో ఉన్న మనుషులనే నేను పరాయివాళ్ళుగా చూశానని అక్కడ అర్థమైంది. సిగ్గుపడ్డాను.

ఈ వేసవిలో గూడేనికి వెళ్ళాను. పండుగకు కూడిన పెద్దల ముందు నిలబడి, కాయలు వేసింది నేనే, జోగమ్మకు అబద్ధం చెప్పింది నేనే అని గట్టిగా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. జోగమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

“మా అత్త సచ్చేదాంక నా చేతి బువ్వ తినలే సారూ. ఇప్పుడు చెప్తే ఆమె ఇంటదా?”

క్షమించమని నేను అడగలేదు, క్షమించానని ఆమె అననూ లేదు. తిరుగు బస్సులో మాత్రం గుండె తేలికపడింది. జోగమ్మకు ఏమీ తేలిక కాలేదని తెలిసి కూడా.