హాట్ ప్రెస్‌లో పత్తి గింజలు

ఐర్లండ్‌లో పత్తికి ఏం పని అని అందరూ అడుగుతారు. చుట్టుపక్కల ఒక్క పత్తి చేనూ లేకపోవడమే మాకు కావలసింది, పరాయి పుప్పొడి భయం ఉండదు. యూనివర్సిటీ గ్రీన్‌హౌస్‌లో మన పత్తికీ, దానికి దూరపు చుట్టమైన అడవి పత్తికీ నేను సంకరం చేస్తున్నాను. అడవి పత్తికి పురుగంటే లెక్కలేదు. ఆ మొండితనం మన పత్తికి రావాలి.

సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయడం, మర్నాడు పొద్దున్నే అడవి పత్తి పుప్పొడి అద్దడం, ఏడాదిగా ఇదే పని. కట్టిన కాయలన్నీ వారం తిరక్కుండా రాలిపోయాయి. చివరికి ఒక్కటి నిలిచింది. అందులో గట్టి గింజలు నాలుగు. అవీ పోతే మళ్ళీ మొదలుపెట్టడానికి నా కాంట్రాక్టులో గడువు లేదు.

గురువారం వాటిని తడి కాగితం మీద పరిచి, వెచ్చటి ఛాంబర్‌లో పెట్టి నేస్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వచ్చాను. ఆదివారం పొద్దున మా టెక్నీషియన్ ఫోన్ చేసింది. పెద్దావిడ, ఐరిష్. ఛాంబర్ చెడిపోయిందట.

"డోంట్ వర్రీ, దే ఆర్ ఇన్ ద హాట్ ప్రెస్. దేల్ బీ గ్రాండ్," అని పెట్టేసింది.

నాకు తెలిసిన ప్రెస్ ఒక్కటే, బట్టలకు చేసేది.

"గింజలకి ఇస్త్రీ చేసేసిందే!" అన్నాను మా ఆవిడతో.

"అదేం చోద్యమండీ! సరిగ్గా విన్నారా?"

తిరిగి చేస్తే ఫోన్ ఎత్తలేదు. కారు తీశాను. దారి పొడుగునా అద్దాలు బిగించుకుని, తెలుగులో, ఆ పెద్దావిడను తిట్టని తిట్టు లేదు.

ఆవిడ నన్ను గ్రీన్‌హౌస్ పక్కన ఆఫీసుగా వాడే పాత ఇంట్లోకి తీసుకెళ్ళి, నడవలో ఒక చెక్క తలుపు తెరిచింది. లోపల వేడినీళ్ళ ట్యాంకు, పైన అరల్లో మడతపెట్టిన తువ్వాళ్ళు, వాటి మధ్య నా గింజల పళ్ళెం. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. ఇక్కడ ప్రెస్ అంటే అలమర అని అప్పుడు తెలిసింది.

మూడు గింజల్లో ఉలుకూ పలుకూ లేదు. నాలుగోది చిట్లి, తెల్లటి వేరు బయటపెట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. గోడకి జారబడి అక్కడే నేలమీద కూర్చున్నాను.

కాస్త తేరుకున్నాక, సెలవు రోజున ఎందుకొచ్చారని అడిగాను.

"వాటిని ఒకసారి చూసిపోదామని," అంది, కాస్త సిగ్గుపడుతూ.

ఆ గింజల కోసం నాలాగే ఇంకొకరు ఎదురుచూస్తున్నారని ఏడాదిలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.